మాస్టారూ, ఓ డౌటు: ఈసారి ఉత్తరాలన్నీ ఘాట్ రోడ్డెక్కాయి

చలి మొదలైందంటే చాలు, వైజాగ్‌లో సగం ఊరు శనివారం తెల్లారగట్లే అరకు ఎక్కేస్తది. మిగతా సగం మంది ఇంట్లో కూర్చుని నాకు ఉత్తరాలు రాస్తున్నట్టున్నారు. ఈ పక్షం వచ్చినవాటిలో ఎక్కువ భాగం అటు మన్యం గురించే, అక్కడి మనుషులు, వాళ్ళ భాష, వాళ్ళని చూడ్డానికి వెళ్ళే మనం, వాళ్ళ మీద థీసిస్‌లు రాసే మనం. అందుకే పెన్షన్ల గురించీ అపార్ట్‌మెంట్ గొడవల గురించీ రాసినవాళ్ళు ఈసారికి క్షమించాలి, వచ్చే సంచికలో చూస్తా.

ప్ర: నమస్తే మాస్టారూ. టూరిజం పీజీ ఫైనలియర్ చదువుతున్నా. నా ప్రాజెక్టు ‘అరకు గిరిజన సంస్కృతిపై పర్యాటకం ప్రభావం’. గైడ్ గారు రెండు రోజుల్లో వంద ఫారాలు నింపుకుని రమ్మన్నారు. నాకు తెలుగు, ఇంగ్లీషు తప్ప ఏమీ రావు. అక్కడ అందరికీ తెలుగు వచ్చు కదా, సరిపోద్దా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జ: సరిపోదమ్మా. కోపం నీ మీద కాదు, ఆ రెండు రోజుల మీద. వెళ్ళి రావడానికే ఒక రోజు పోద్ది, మిగిలిన ఒక్క రోజులో వంద ఫారాలంటే మనిషికి అయిదు నిమిషాలు కూడా రావు, మన ఇంటికి గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా అంతకంటే ఎక్కువసేపు నిలబడి మాట్లాడతాడు.

ముందు ఆ ఫారం సంగతి చూద్దాం. ‘పర్యాటకం వల్ల మా సంస్కృతికి మేలు జరిగింది’ అని ఒక వాక్యం, కింద పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను అని అయిదు గళ్ళు, అంతేగా? లైకర్ట్ అనే అమెరికా సైకాలజిస్టు 1932లో తెచ్చిన పద్ధతి అది, చాలా చోట్ల బాగానే పనికొస్తది. కానీ చోడి చేలో పని చేసుకుంటున్న ఓ ముసలావిడ దగ్గరికి దాన్ని పట్టుకెళ్ళావనుకో, ఆవిడ కొడవలి ఆపి నీ మొహం చూస్తది, నీ బ్యాగు చూస్తది, రోడ్డు మీద నీ కోసం ఆగి ఉన్న కారు చూస్తది, ‘ఔను’ అంటది. రెండో ప్రశ్నకీ ఔను, పదో ప్రశ్నకీ ఔనే. ఎండలో పడి అంత దూరం నుంచి వచ్చింది పాపం, కాదంటే చిన్నబుచ్చుకుంటది అని ఆవిడ మర్యాద. నువ్వేమో ఆ మర్యాదని ఎక్సెల్‌లో ఎక్కించి రంగురంగుల పై చార్ట్ గీసి ‘అత్యధికులు సంతృప్తిగా ఉన్నారు’ అని రాస్తావు.

ఇక తెలుగు. వచ్చు, ఎందుకు రాదు, సంతలో బేరమాడేంత వచ్చు, బస్సులో చిల్లర అడిగేంత వచ్చు, కుర్రాళ్ళకైతే మనకంటే బాగా వచ్చు. కానీ ఊరి దేవత గురించో, చనిపోయిన తండ్రి పేరు మీద రాయి నిలబెట్టిన రోజు గురించో (గదబల్లో ఆ ఆచారం ఉంది) చెప్పాలంటే పెద్దవాళ్ళకి సొంత మాటే కావాలి. నీ ప్రాజెక్టు సంస్కృతి గురించి కదా, ఆ సంస్కృతి కాస్తా నీకు రాని భాషలో ఉంది. అదీ చిక్కు.

అసలు ఆ చుట్టుపక్కల ఎన్ని భాషలో లెక్క పెట్టావా? కొటియాలు, వాల్మీకులు మాట్లాడేది ఆదివాసీ ఒడియా, వేరు వేరు తెగల వాళ్ళు సంతలో కలిస్తే ఒకళ్ళతో ఒకళ్ళు ఎక్కువగా మాట్లాడేదీ అదే. ఖోండులది కువి. కొండదొరల పాత భాష కొండ, దాన్నే కూబి అని కూడా అంటారు, ఇప్పుడు చాలామంది కొండదొరలు తెలుగులోకి వచ్చేశారు. ఇక గదబల దగ్గరికొచ్చేసరికి అసలైన తిరకాసు. గుతోబ్ అనే గదబ భాష ముండా కుటుంబానిది, అంటే దూరం చుట్టరికం కాంబోడియా వాళ్ళ ఖ్మేర్‌తో, వియత్నామీస్‌తో. అదే గదబ పేరుతో సాలూరు వైపు ఉన్న ఇంకో భాష ద్రావిడ కుటుంబానిది, అంటే మన తెలుగుకి చుట్టం. తెగ పేరు ఒక్కటే, భాషలు రెండు, వాటికి తాతలు కూడా వేరు. ‘గిరిజన భాష’ అని ఏకవచనంలో రాసిన థీసిస్ నా చేతికొస్తే నేను రెండో పేజీ తిప్పను.

ఇదంతా నేను పుట్టుకతో తెలుసుకుని వచ్చానని కాదు. కుర్రతనంలో టేప్ రికార్డర్ తగిలించుకుని డుంబ్రిగుడ అవతల ఓ గదబ ఊరికి వెళ్ళాను, ఒక పెద్దాయన పాట పాడాడు, నేను గొప్పగా క్యాసెట్ మీద ‘గదబ పాట, ముండా భాష’ అని రాసుకున్నా. ఏడాది తర్వాత ఆ క్యాసెట్ భాషలు తెలిసిన ఒకాయనకి వినిపిస్తే నవ్వి, ఇది ఆదివాసీ ఒడియా కదా బాబూ అన్నాడు. ఆ కుటుంబం ఎప్పుడో భాష మారిపోయింది, నేను తెగ పేరు అడిగానే గానీ ‘ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు తాతా’ అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే చాలు.

కాబట్టి ఏం చెయ్యాలి అంటే, వంద ఫారాలు పక్కన పెట్టి ఒక్క ఊరు పట్టుకో. సెమిస్టర్‌లో నాలుగుసార్లు వెళ్ళు. మొదటిసారి ఫారాలు, ఫోన్ బయటికి తియ్యకుండా గ్రామసభ పెద్దల్ని కలిసి నువ్వెవరో, ఎందుకొచ్చావో, రాసింది ఎక్కడికి పోతుందో చెప్పు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో తమ ఆచారాల్ని, సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉంది, నువ్వు అడగడం వాళ్ళకి దయ చూపించడం కాదు. అదే ఊళ్ళో చదువుకున్న అమ్మాయినో అబ్బాయినో మాట మార్చడానికి పెట్టుకో, రోజుకింత అని డబ్బులివ్వు, నీ రిపోర్టులో వాళ్ళ పేరు వాళ్ళు ఒప్పుకుంటే వెయ్యి. పది మందితో తీరిగ్గా మాట్లాడితే చాలు. గైడ్ గారు శాంపిల్ ఏదీ అని అడిగితే ‘క్వాలిటేటివ్ స్టడీ సార్’ అను, ఆ మాటకి యూనివర్సిటీల్లో కొంచెం గౌరవం ఉంది.

ప్ర: మొన్న ఫ్యామిలీతో అరకు వెళ్ళాం. రిసార్ట్‌లో క్యాంప్‌ఫైర్ పక్కన థింసా ఆడించారు, పిల్లలు కూడా కలిసి ఆడారు, చాలా బాగుంది. మా బావమరిది మాత్రం ‘అదంతా డూప్లికేట్, టూరిస్టుల కోసం ఆడేది’ అని మూడ్ పాడు చేశాడు. నిజంగా డూప్లికేటేనా?
– గాజువాక నుంచి ఓ ఉద్యోగి

జ: మీ బావమరిది గారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదండి. 1973లోనే మెకానెల్ అనే అమెరికా సోషియాలజిస్టు టూరిస్టులకి చూపించడానికి సిద్ధం చేసిన ‘అసలుతనం’ గురించి రాశాడు. మన లెక్కలో చెప్పాలంటే ప్రతి ఇంటికీ ఒక వీధి అరుగు, ఒక పెరటి వంటిల్లు ఉంటాయి కదా. టూరిస్టుకి వంటిల్లు చూడాలని ఆశ. చూపించేవాడు తెలివైనవాడు, అరుగు మీదే ఇంకో వంటిల్లు సెట్టేసి చూపిస్తాడు. టూరిస్టు అబ్బ లోపలిదాకా చూసేశాం అనుకుని సంతోషంగా ఇంటికెళ్తాడు.

మీరు చూసింది ఆ అరుగు మీద వంటిల్లే. అయితే డూప్లికేట్ అని మాత్రం నేననను. ఆడినవాళ్ళ కాళ్ళు అసలువే, ఆ అడుగు వాళ్ళ అమ్మమ్మ నేర్పిందే. మారింది ఎక్కడంటే, ఎవరి కోసం, ఎంతసేపు, ఎందుకు అన్న చోట.

థింసా అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అందులో రకాలున్నాయి. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. గొడ్డి బేట థింసాలో ముందుకి వంగుతూ రాళ్ళు ఏరుతున్నట్టు అడుగేస్తారు, పోతర్ తోలలో ఆకులు కోస్తున్నట్టు, బాగ్ థింసా పులి వస్తే ఎలా తప్పించుకోవాలో, కుండ థింసాలో భుజాలతో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు, నాటికారి ఒంటరిగా ఆడేది, బాయ థింసా పూనకం వచ్చినప్పటిది. పండగల్లో, పెళ్ళిళ్ళలో ఊరు ఊరంతా కదులుతుంది, అక్కడ చూసేవాళ్ళు ఆడేవాళ్ళు అని వేరుగా ఉండరు. రిసార్ట్‌లో ఇవన్నీ కలిపి పది పదిహేను నిమిషాల మిక్చర్, చివర్లో గెస్టుల్ని లాగి ఫొటో.

ఈసారి చూసినప్పుడు చేతులు గమనించండి. ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడి వీపుల వెనక నుంచి చేతులు అల్లుకుంటారు, పక్కమనిషిని దాటి ఆ అవతల మనిషి వేళ్ళు అందుకుంటారు, అందుకే వరస అంతా ఒక్క ఒంటిలా ఊగుతుంది, ఒక్కళ్ళు అడుగు తప్పితే పదిమందికీ తెలుస్తుంది. మోరీ ఊదే ఆయన బుగ్గలు చూడండి, ఊపిరి తీసుకుంటున్నట్టే కనపడడు. తుడుము, డప్పు, కిరిడి ఆయన వెనకాలే. మీ పిల్లలు మధ్యలో దూరగానే ఆ వరస ఏమైందో గుర్తుందా? వేళ్ళు వదిలేశారు, మామూలుగా చేతులు పట్టుకున్నారు. రిసార్ట్ థింసాకీ ఊరి థింసాకీ ఉన్న తేడా నాకు ఎప్పుడూ ఆ వేళ్ళ దగ్గరే కనపడుతుంది.

డూప్లికేటా కాదా అన్నది వదిలేసి ఇంకో ప్రశ్న అడగండి, ‘మీ గ్రూపుకి ఎంత ఇస్తున్నారమ్మా’ అని. రిసార్ట్ వాడిని కాదు, ఆడినవాళ్ళని. రాత్రి పదింటికి వాళ్ళు ఇంటికి ఎలా వెళ్తారని కూడా అడగండి. నేను ఒకచోట అడిగాను, ఆ జవాబు విన్నాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు, ఆ రిసార్ట్ పేరు ఇక్కడ రాయను.

ప్ర: మాస్టారూ, నేను శ్రీకాకుళం వాణ్ణి, ముంచంగిపుట్టు వైపు ప్రైమరీ స్కూల్లో టీచర్ని. పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ‘లిపి లేదు, అది భాషే కాదు, దాన్లో చదువు చెప్పడమేంటి’ అని మా స్టాఫ్‌లో ఒకరి వాదన. నేనేం చెప్పాలి?
– పేరు వద్దన్నారు

జ: మాస్టారూ, మీరూ నేనూ ఒకే కులం, బడి కులం, కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతా.

లిపి లేకపోతే భాష కాదంటే ఇంగ్లీషు కూడా భాష కాదు, వాడేది రోమన్ లిపి, రోమ్ వాళ్ళ దగ్గర తెచ్చుకున్నదే. లిపి చొక్కా లాంటిది, పక్కింటోడి దగ్గర అరువు తెచ్చుకున్నా ఒళ్ళు మనదే. సవర తెగవాళ్ళకి మంగేయి గమాంగో 1936లో సోరంగ్ సోంపెంగ్ అని సొంత లిపే తయారు చేశాడు, అలాగని అంతకుముందు వాళ్ళు మూగవాళ్ళు కాదు కదా. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కొండ, కువి, సవర, కోయ, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకి వాచకాలు వేశారు, తెలుగు లిపిలోనే. మీ బడి బీరువాలో వెతకండి, అడుగున ఎక్కడో ఉండొచ్చు, చెదలు వదిలేస్తే. ఇక ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉండనే ఉంది, మీ స్టాఫ్ ఆయనకి నంబరుతో సహా చెప్పండి, నంబరు చెప్తే మనవాళ్ళు కొంచెం తగ్గుతారు.

మీ జిల్లా ఆయన్నే గుర్తు చేస్తా. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి దండలేస్తాం, స్పీచులిస్తాం. ఆ స్పీచుల్లో వాడుక భాష ఉద్యమం ఉంటది, సవర మాత్రం ఒక లైనులో తేల్చేస్తారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, సవర వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడాయన. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు, దానికి క్వినైన్ మింగీ మింగీ చెవులు పోగొట్టుకున్నాడు, భాష వినడానికి వెళ్ళిన మనిషికి వినికిడే పోయింది. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. అన్నేళ్ళు పట్టింది. మన పీజీ అమ్మాయి గైడ్ గారికి రెండు రోజులు చాలట.

ఇంకొకటి, ఇది చెప్తే మీ తెలుగు మాస్టారు కూడా మెత్తబడతారు. మన బండి ఱ ఉంది కదా, ఇప్పుడు అక్షరమాలలో తప్ప ఎక్కడా కనపడదు, రాసినా పలకడంలో ర కీ దానికీ తేడా పోయింది. ఆ తేడాని నోట్లో నిలబెట్టుకున్న భాష అరకు కొండల్లోని కొండ భాష. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రోజుల్లో అటు వెళ్ళి ఆ భాషని విని రాసుకున్నారు, 1969లో దాని మీద పుస్తకం వచ్చింది. అంటే మనం పోగొట్టుకున్న వస్తువు మన కొండ మీది చుట్టాల ఇంట్లో భద్రంగా ఉందన్నమాట, మనమేమో వాళ్ళది యాస అంటున్నాం. అలాగే మనకి ఏరు అంటే వాగు, కోయలో గోండిలో ‘ఏర్’ అంటే తాగే నీళ్ళే. మీ పిల్లల చేత ఇలాంటివి ఓ ముప్ఫై మాటలు గోడ మీద రాయించండి, ఒక పక్క వాళ్ళ మాట, ఒక పక్క తెలుగు. తప్పు రాస్తే మీరు దిద్దలేరు కదా, వాళ్ళే మిమ్మల్ని దిద్దుతారు, ఆ రోజు ఆ పిల్లల మొహాలు చూడండి.

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో కోహంగా రియో అని మొదలుపెట్టారు, భాషా గూళ్ళు అనుకోండి. బడికి వెళ్ళే వయసు కూడా రాని పిల్లల్ని అవ్వల దగ్గర కూర్చోబెట్టి రోజంతా మావోరీలోనే ఆడించడం, తినిపించడం, తిట్టడం. అయిదేళ్ళకి, 1987లో, మావోరీ అధికార భాష అయింది. అక్కడికొచ్చే టూరిస్టులు మెచ్చుకునే హాకా నాట్యం వల్ల బతికిన భాష కాదది, ఆ అవ్వల వల్ల బతికింది. మన అంగన్‌వాడీలో అవ్వలకి కొరతా?

ప్ర: బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆయన కనిపెట్టారని గైడ్ చెప్పాడు. కరెక్టేనా? పోటీ పరీక్షకి కావాలి.
– సీతమ్మధార

జ: పరీక్షలో ఏది ఆన్సరు కీలో ఉందో అదే రాయి నాయనా, మార్కు పోగొట్టుకోకు. కానీ ఒక్కసారి ఆలోచించు, జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. పుట్టడానికి నలభై నాలుగేళ్ళ ముందే గుహలు కనిపెట్టిన ఆఫీసు ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటది. అక్కడివాళ్ళు చెప్పే కథ వేరు, ఆవు పై కన్నంలోంచి లోపల పడిపోయింది, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లింగం కనపడింది, అక్కడ పుట్టే ఏరుకి గోస్తనీ అని పేరొచ్చింది. ఆ కథలో తేదీ లేదు గానీ కనీసం లెక్క తప్పలేదు.

పరీక్షకి పనికొచ్చేది ఇంకోటి చెప్తా, రాసుకో. బొర్రా పంచాయతీ పేరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అనంతగిరి మండలంలో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో తీర్పొచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వడానికి లేదని. గుహలో లైట్లు చూపించే గైడ్‌లు ఇది కూడా ఒక ముక్క చెప్తే ఎంత బాగుండు.

ప్ర: బొంగు చికెన్ నిజంగా ఆదివాసీ వంటేనా, హోటల్ వాళ్ళ సృష్టా?
– ఎంవీపీ కాలనీ

జ: పచ్చి వెదురు బొంగులో పెట్టి నిప్పుల మీద కాల్చడం కొండలదే. నూనె చుక్క వెయ్యరు, మూతికి ఆకులు కుక్కి తిప్పుతూ కాలుస్తారు, బొంగులో ఉన్న తేమకే ఉడుకుద్ది. ఎర్రగా నోరు మండిపోయే మసాలా, రోడ్డు పక్కన వరసగా పది షాపులు, ఇవి మాత్రం మన నాలిక కోసం వచ్చినవి. తినండి, బాగుంటది. తిన్నాక ఆ ప్లాస్టిక్ ప్లేటు వంజంగి కొండ మీద పారేసి రాకండి, మేఘాలు చూడ్డానికి వెళ్ళి చెత్త పోసి వస్తున్నారని అక్కడివాళ్ళు ఒకటే మొత్తుకోలు. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే పెద్ద రాతికొండని అనంగు జనం తమకి పవిత్రం, ఎక్కొద్దని ఏళ్ళ తరబడి అడిగితే 2019 అక్టోబర్ 26న ఎక్కడం ఆపేశారు. వంజంగిలో అంతదాకా తెచ్చుకోకండి.

ప్ర: మాస్టారూ, మాది హుకుంపేట వైపు పల్లె. నేను వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. నేను చిన్నప్పుడు సిటీ నుంచి ఒక పరిశోధకుడు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉన్నారు. మా అమ్మమ్మ పాటలు, పంట పండగ కథలు చాలా రికార్డు చేసుకున్నారు. ఆయనకి డాక్టరేట్ వచ్చిందని తెలిసింది. మాకు ఒక కాపీ కూడా ఇవ్వలేదు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ గొంతు మా దగ్గర లేదు. ఇప్పుడు అడగొచ్చా? ఏ హక్కుతో అడగాలి?
– పేరు రాయొద్దండి

జ: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి పూర్తి చెయ్యడానికి కొంచెం టైమ్ పట్టింది.

అడగొచ్చు. అడిగి తీరాలి. పైన నా క్యాసెట్ గురించి గొప్పగా చెప్పుకున్నాను కదా, ఆ పెద్దాయనకి నేను కూడా కాపీ ఇవ్వలేదు. అప్పట్లో ఇవ్వాలని తట్టలేదు, తట్టాక వెళ్తే ఆయన లేడు. కాబట్టి నీ పరిశోధకుణ్ణి తిట్టే అర్హత నాకు సగమే ఉంది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. 1909లో థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల్ని తెగల్ని రాసినప్పుడు గదబలు గుర్రాన్ని ముట్టుకోరట, పల్లకీ మోసేవాళ్ళు కదా, గుర్రం పోటీ అని రాశాడు. అది ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో చెప్పారు, వేళాకోళానికి చెప్పారా అన్నది మనకి తెలీదు, చెప్పినవాడి పేరు లేదు. గదబ ఆడవాళ్ళు నారతో నేసుకునే కెరంగ్ చారల బట్ట ఇప్పుడు చాలామందికి మ్యూజియం బొమ్మ ఒంటి మీద కనపడేదే. మనిషిది మనిషికి దక్కకుండా పుస్తకంలోకి, అద్దాల బీరువాలోకి వెళ్ళిపోవడం చాలా పాత అలవాటు.

ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో సాన్ అనే వేట తెగ వాళ్ళు ఎడారిలో ఆకలి తెలియకుండా హూడియా అనే మొక్క నమిలేవాళ్ళు. అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఆ గుణం మీద పేటెంట్ తీసుకుంది, సాన్‌లకి మాట కూడా చెప్పలేదు, పోరాడితే 2003లో లాభాల్లో వాటా ఒప్పందం కుదిరింది. అదే సాన్ జనం 2017లో పరిశోధకులకి తామే ఒక నియమావళి రాసి ఇచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, ఈ నాలుగూ దాని పునాది. మా దగ్గరికి వచ్చేముందు మమ్మల్ని అడగండి, ఇస్తానన్నది ఇవ్వండి, రాసింది మాకు చూపించండి అని అందులో సారం. పరిశోధన చెయ్యించుకునేవాళ్ళే పరిశోధకులకి రూల్స్ పెట్టడం, అదీ లెక్క.

ఇప్పుడు నీ పని. ఆయన ఏ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నారో తెలుసుకో. మన దేశంలో చాలా యూనివర్సిటీల థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో ఉంటాయి, ఊరు పేరుతో, తెగ పేరుతో వెతుకు, దొరికితే చివర అనుబంధాల్లో పాటల మాటలు ఉండొచ్చు. దొరక్కపోయినా దిగులు పడకు, ఆయనకే ఉత్తరం రాయి, కోపంగా కాదు, ఇలా రాయి: ‘సార్, ఫలానా ఏడాది మా ఇంట్లో నాలుగు రోజులు ఉన్నారు. మా అమ్మమ్మ పాటలు రికార్డు చేసుకున్నారు. ఆవిడ పోయింది. ఆ ఆడియో కాపీ మాకు కావాలి. పెన్ డ్రైవ్ నేనే తెస్తాను.’ అంతే. హక్కు, చట్టం మాటలు మొదటి ఉత్తరంలో వద్దు. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి అదే ఉత్తరం కాపీ పెట్టు. అప్పటికీ రాకపోతే నాకు రాయి, అప్పుడు నా భాష మారుద్ది.

ఒక హెచ్చరిక కూడా. పాత క్యాసెట్ అయితే టేపు బూజు పట్టి ఉండొచ్చు, ఆయన దగ్గర ప్లే చేసే మెషిన్ కూడా ఉండకపోవచ్చు, ‘పాడైపోయింది’ అంటే ఆ పాడైందే ఇమ్మను, అరిగిపోయిన టేపు నుంచి కూడా గొంతు తీసేవాళ్ళున్నారు. ఈలోపు సెలవులకి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ఈడువాళ్ళు ఎవరైనా ఉంటే నీ ఫోన్‌లో రికార్డు చెయ్యి. ముందు పేరు, ఊరు, తేదీ, ఇంట్లో మాట్లాడే భాష, వాళ్ళ గొంతుతోనే చెప్పించు. మామిడి కొత్త పండగ కాకుండా కాయ ఎందుకు కొరకకూడదో అడుగు, నీకు తెలిసినా సరే అడుగు, చెప్పనీ. రికార్డింగ్ ఇంకో రెండు ఫోన్లలోకి పంపి ఉంచు, ఒక్క ఫోన్ సంతలో పోతే అన్నీ పోతాయి.

ప్ర: మా క్లాసులో అరకు నుంచి వచ్చిన అబ్బాయి ఇంటిపేరు కిల్లో. అందరూ ‘ఒక కిలోనా రెండు కిలోలా’ అని ఏడిపిస్తున్నారు. నేను నవ్వలేదు గానీ ఆపలేదు కూడా. ఆ పేరుకి అర్థం ఏంటి?
– తొమ్మిదో తరగతి, పెదవాల్తేరు

జ: అవి గోత్రాల పేర్లు అమ్మలూ. కొర్ర అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల పాము, గొల్లోరి కోతి, కిముడు ఎలుగుబంటి. ఒకే గోత్రం వాళ్ళు అన్నదమ్ముల లెక్క, వాళ్ళలో వాళ్ళు పెళ్ళి చేసుకోరు. కిల్లో అంటే పులి. రేపు క్లాసులో చెప్పు.